వత్తు ఎక్కడ పోయింది?

ఆగస్టు 29 గిడుగు రామమూర్తి పంతులుగారి పుట్టినరోజు. దాన్ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం గనక ఏడాదిలో ఆ ఒక్కరోజు మా వూళ్ళలో సభలకు కరువుండదు. రెండేళ్ళ కిందట శ్రీకాకుళంలో అలాంటి సభ ఒకదానికి వెళ్ళేను. వేదిక వెనక పెద్ద బానరు కట్టేరు. ఒక పక్క గిడుగువారి బొమ్మ, మరో పక్క తెలుగుతల్లి బొమ్మ. మధ్యన మూరెడేసి అక్షరాలతో "శ్‌రీకాకుళం జిల్లా" అని వుంది. శకారం నెత్తిన ఒక పొల్లు. దాని పక్కన ఏ సంబంధమూ లేనట్టు విడిగా ఒక "రీ". వక్తలు ఒకరి తరవాత ఒకరు ఆ బానరు ముందు నిలబడి తెలుగు లిపి అందాన్ని గురించి మాట్లాడేరు. వెనక్కి తిరిగి చూసినవారు ఒక్కరూ లేరు.

నా పక్కన కూచున్న విద్యార్థి మాత్రం చూసేడు. డిగ్రీ చదువుతున్న కుర్రాడు, వాళ్ళది టెక్కలి దగ్గర పల్లె. నా చెవిలో, "అది తప్పేటి మాష్టారూ?" అని అడిగేడు. తప్పేనన్నాను. "మరెవలిది తప్పు?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. ముప్ఫయ్యేళ్ళుగా పుస్తకాలు అచ్చువేయిస్తూ, ప్రూఫులు దిద్దుతూ, అచ్చుతప్పులకు కంపోజిటర్లను కోప్పడుతూ వచ్చినవాణ్ణి. ఎవరిది తప్పని ఎన్నడూ అడగలేదు. తప్పు ఎప్పుడూ చేతులతో పనిచేసేవాడిదే అయివుంటుందని అనుకోవటం మనకు అంత సహజమైపోయింది.

సభ అయ్యాక ఆ కుర్రాణ్ణి వెంటబెట్టుకుని బానరు వేసిన డిటిపి షాపు వెతుక్కుంటూ పోయేను. సందులో చిన్న గది. ఒక అమ్మాయి కంప్యూటరు ముందు కూచుని పెళ్ళి శుభలేఖ తయారుచేస్తూ వుంది. సంగతి చెప్పేను. "నేను సరిగ్గానే కొట్టేను సార్, చూడండి" అంటూ ఫైలు తెరిచింది. నిజమే. టైపు చేసిన చోట "శ్రీకాకుళం" చక్కగా వుంది. దాన్నే తీసుకెళ్ళి బానర్లు వేసే ప్రోగ్రాములో అతికించగానే శకారం ఒక దారి, రకారం ఒక దారి పట్టేయి. "మిగతాదంతా పాత ఫాంటులో కొట్టేను. ఈ ఒక్క లైను వాళ్ళు ఫోన్‌లో పంపింది పంపినట్టు అతికించేను" అంది. మరి చూసుకోలేదా అని అడిగేను. "చూసేను సార్. అప్పటికి రాత్రి పదకొండైంది. పొద్దున్న ఏడింటికల్లా కావాలన్నారు."

ఆమెకు నెలకు ఎంత ఇస్తారో నేను అడగలేదు. అడగవలసింది.

ఆ అమ్మాయి సరిగ్గా కొట్టిన మాట తప్పుగా ఎలా అచ్చయింది? దీనికి జవాబు తెలియాలంటే కంప్యూటరులో తెలుగు అక్షరం ఎలా బతుకుతుందో కొంచెం తెలియాలి. చదువుకున్నవాళ్ళం కూడా ఇది సాంకేతిక నిపుణుల వ్యవహారమని వదిలేశాం. నేనూ వదిలేసినవాణ్ణే. ఆ తరవాత తెలుసుకున్నది చెపుతాను.

"శ్రీ" మన కంటికి ఒక అక్షరం. యంత్రం దాన్ని నాలుగు గుర్తులుగా దాచుకుంటుంది: శ, పొల్లు, ర, గుడిదీర్ఘం. "స్త్రీ" అయితే ఆరు. ఈ గుర్తులు వరసగా వున్నంత మాత్రాన అక్షరం తయారుకాదు. పొల్లు తరవాత రకారం వచ్చింది గనక అది తన ఆకారం మార్చుకుని వత్తుగా కిందికి దిగాలని, గుడిదీర్ఘం రకారం మీద కాకుండా శకారం నెత్తికెక్కాలని ఎవరో యంత్రానికి చెప్పాలి. పలకమీద దిద్దించే పంతులు పిల్లవాడికి చెప్పినట్టే. ఆ చెప్పే పని రెండుచోట్ల జరుగుతుంది. ఫాంటులో కొన్ని నియమాలు రాసివుంటాయి. వాటిని చదివి అమలుచేసే ప్రోగ్రాము వేరే వుంటుంది. ఈ రెంటిలో ఏది లేకపోయినా నాలుగు గుర్తులు నాలుగు ముక్కలుగా తెరమీద నిలబడతాయి. బానరు వేసిన ప్రోగ్రాముకు ఆ చదువు లేదు. ఇంగ్లీషు అక్షరాల్ని బంతిలో కూచోబెట్టినట్టు ఒకదాని పక్కన ఒకటి పేర్చటమే దానికి తెలుసు. అది పుట్టినప్పుడు తెలుగువాళ్ళు దానితో బానర్లు వేసుకుంటారని దాన్ని తయారుచేసినవాళ్ళు అనుకోలేదు. అనుకున్నా, ఆ పనికి డబ్బు ఖర్చుపెట్టటం దండగ అనుకుని వుంటారు.

ఈ సందర్భంలో ఒక చిన్న విషయం. విజయనగరానికి ఈ బాధ లేదు. ఆ పేరులో ఒక్క వత్తయినా లేదు; ఎంత చదువురాని యంత్రమైనా దాన్ని పాడుచెయ్యలేదు. సాలూరు, పాలకొండ, ఆమదాలవలస, గజపతినగరం, మందస కూడా అంతే. శ్రీకాకుళం, బొబ్బిలి, టెక్కలి, పార్వతీపురం, నెల్లిమర్ల మాత్రం యంత్రం దయమీద బతకాలి. 2022లో పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడినప్పుడు కొత్త బోర్డుల మీద ఆ పేరు ఎలా పడుతుందోనని నేను వెళ్ళినచోటల్లా చూసేవాణ్ణి. ఇచ్ఛాపురం సంగతి వేరు. దాన్ని యంత్రాలకంటే ముందు మనుషులే పాడుచేశారు. ఛకారపు వత్తు రాసేవాడే కరువు.

ఇక ఆ అమ్మాయి చెప్పిన "పాత ఫాంటు" సంగతి. అందులో కొట్టివుంటే బానరు మీద శ్రీకాకుళం నిక్షేపంగా పడివుండేది. మరి అదే మంచిది కదా అని ఎవరైనా అనవచ్చు. నేనూ ఇరవయ్యేళ్ళు అలాగే అనుకున్నాను. అలా అనుకున్నందుకు నాకు పడిన శిక్ష ఏమిటో చెపుతాను.

2001 ప్రాంతంలో మేము కొందరం మిత్రులం విజయనగరం జిల్లాలోని జూట్ మిల్లు కార్మికుల జ్ఞాపకాలు సేకరించేం. పదకొండుమంది చెప్పిన మాటలు, వాళ్ళు చెప్పిన భాషలోనే. "నాను", "ఏటి", "ఎవులు", "ఎల్లిపోనాం" అన్నవి అన్నట్టుగానే రాసేం. గురజాడ, గిడుగు పుట్టి పెరిగిన ప్రాంతంలో వుంటూ కార్మికుడి నోటిమాటను పుస్తకాల భాషలోకి దిద్దటం సిగ్గుచేటని మా పట్టుదల. అయిదువందల ప్రతులు వేసేం. మీటింగుల్లో అమ్మేం, కొన్ని ఊరికే ఇచ్చేం. టేపు చేసిన కాసెట్లు తడిసి పాడైపోయాయి. ఈనాడు నా దగ్గర చెదలు కొట్టిన ప్రతి ఒకటి, కంపోజు చేసినప్పటి సీడీ ఒకటి మిగిలేయి. మళ్ళీ అచ్చువేద్దామనుకుని సీడీ తెరిపిస్తే, లోపల తెలుగు లేదు. ఇంగ్లీషు అక్షరాలు, ఫ్రెంచి గుర్తులు, డాలర్లు, నక్షత్రాలు, మూడువందల పేజీల నిండా అదే.

ఫైలు పాడైపోయిందనుకున్నాను. పాడవలేదు. అది మొదటినుంచీ అంతే. ఆ రోజుల్లో ఫాంట్లు అమ్మేవాళ్ళు చేసినది ఏమిటంటే, ఇంగ్లీషు అక్షరాలుండే గళ్ళలో తెలుగు అక్షరాల ముక్కల బొమ్మలు పెట్టేరు. ఒక గడిలో తలకట్టు, ఒక గడిలో గుడి, మరో గడిలో రకారపు వత్తు. ఏ గడిలో ఏ ముక్క పెట్టాలన్నది ఎవరి ఇష్టం వారిది. ఒకరి ఫాంటులో కొట్టింది మరొకరి ఫాంటులో చదవటానికి లేదు. కాగితం మీద పడేది తెలుగే. కాని యంత్రానికి అది తెలుగని తెలియదు. మా పదకొండుమంది కార్మికులూ ఇరవయ్యేళ్ళపాటు ఆ సీడీలో అర్థంలేని ఇంగ్లీషు మాట్లాడుతూ కూచున్నారు. ఆ ఫాంటు కొని, దాని తాళం సంపాదించినవాడి యంత్రంలో మాత్రమే వాళ్ళు మనుషులు. మేము పని చేయించిన షాపు ఎప్పుడో మూసేశారు.

వేరే దారి అప్పట్లో లేకపోలేదు. భారతీయ లిపులన్నిటికీ ఉమ్మడిగా ఒక సంకేత పద్ధతి ఇస్కీ పేరుతో 1988లో తయారైంది; 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ దాన్ని ప్రమాణంగా ప్రకటించింది. మన లిపులన్నీ బ్రాహ్మి పిల్లలే గనక, ఏ లిపిలోనైనా కకారం ఒకే చోట, పొల్లు ఒకే చోట వుండేటట్టు చేసిన ఏర్పాటు అది. చాలా గొప్ప ఆలోచన అని ఇప్పటికీ నా అభిప్రాయం. అదే 1991లో యూనికోడ్ మొదటి కూర్పు అమెరికాలో వెలువడింది. అందులో తెలుగుకు నూట ఇరవై ఎనిమిది గళ్ళు కేటాయించి, ఇస్కీ వరసనే తీసుకుని నింపేరు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో తెలుగు ఫాంటు ఒకటి కూడా వచ్చింది. అంటే మేము కార్మికుల పుస్తకం కంపోజు చేయిస్తున్న సంవత్సరానికే నియమం ప్రకారం తెలుగును తెలుగుగా దాచుకునే అవకాశం పుట్టింది. కాని మన అచ్చుపని అంతా పేజ్‌మేకర్ మీద నడిచేది. దాని చివరి కూర్పు కూడా 2001లోనే వచ్చింది. దానికి యూనికోడ్ తెలియదు. ఆ తరవాత చాలా యేళ్ళు మన షాపులు ఆ ముసలి ప్రోగ్రాము మీదే బతికేయి. కొత్తది కొనే శక్తి లేకపోవటం ఒక కారణం, చేతికి అలవాటైన పని మారితే ఆ రోజు కూలి పోతుందనే భయం మరొకటి. ఇందులో ఆశ్చర్యపడవలసింది ఏమీ లేదు.

పాత ఫాంటును యూనికోడ్‌లోకి మార్చే ప్రోగ్రాములు వున్నాయి. టెక్కలి కుర్రాడే ఒకటి సంపాదించి మా పుస్తకాన్ని అందులో పెట్టేడు. అరనిమిషంలో మూడువందల పేజీల తెలుగు తిరిగి వచ్చింది. నాకు కళ్ళు చెమర్చిన మాట నిజం. తీరా చదవబోతే, పేజీకి పది పదిహేనుచోట్ల వత్తులు లేవు. వున్నచోట కొన్ని ముందు అక్షరానికి దిగవలసినవి వెనక అక్షరానికి దిగేయి. పాత ఫాంటులో వత్తులు ఎడంపక్కకు జరిపేవి కొన్ని, కుడిపక్కకు జరిపేవి కొన్ని, చిన్నవి కొన్ని, పెద్దవి కొన్ని. కంపోజిటరు కంటికి ఏది అందంగా వుంటే అది వేసేవాడు. ఆ లెక్కలన్నీ మార్చే ప్రోగ్రాముకు తెలియవు. "అమ్మ" అని వుండవలసినచోట "అమ" అని వుంది. "నెత్తుటి గుడ్డ" కాస్తా "నెతుటి గుడ" అయింది.

ఆ పదకొండుమందిలో ఈనాడు బతికివున్నది ఒక్క ముసలమ్మ. గోనెసంచులు కుట్టే ఖాతాలో ఇరవయ్యారేళ్ళు పనిచేసింది. ఆమె పేరు ఇక్కడ చెప్పను. అందులో రెండు వత్తులున్నాయని మాత్రం చెపుతాను. మారిన ఫైలులో ఆమె పేరు ముప్ఫైనాలుగు చోట్ల వుంటే, ఒక్కచోట కూడా సరిగ్గా లేదు. ఈ సంగతి చెపితే ఆమె నవ్వింది. "అదేటి బాబూ కొత్తా? నా కాయితాల్ల గూడ అలగే వుంది" అంది. రేషను కార్డులో ఆమె పేరుకు రెండు వత్తులు, పింఛను జాబితాలో ఒకటి. ఆ ఒక్క వత్తు కోసం ఆమె ఒక కార్యాలయానికి నాలుగుసార్లు తిరిగింది. ఎవరో పాత జాబితాను కొత్త కంప్యూటరులోకి మార్చినప్పుడు ఎగిరిపోయిందని గుమాస్తా చెప్పేడట. ఆ గుమాస్తాను తప్పుపట్టటానికీ నాకు నోరు రాలేదు. నేను చేసిందీ అదే కదా. తేడా అల్లా, నా పుస్తకంలో వత్తు పోతే నాకు చిన్నతనం. ఆమె జాబితాలో వత్తు పోతే మూడు నెలల మందులు లేవు.

ప్రూఫులు చదవటానికి సాయం కావలసివచ్చి విజయనగరంలో ఒక పాత కంపోజిటరును పట్టుకున్నాను. సీసం టైపు రోజుల మనిషి, ఎనభై దాటేయి. అక్షరాల్ని ఎడమనుంచి కుడికీ కుడినుంచి ఎడమకీ ఒకే వేగంతో చదవగలడు. చెదలు కొట్టిన ప్రతి ఆయన చేతిలో, కంప్యూటరు కుర్రాడి చేతిలో పెట్టి, నేను మధ్యన కూచున్నాను. ఆ రెండు నెలల్లో ఆయన చెప్పిన మాటలు రాసుకుంటే ఇంకొక పుస్తకం అవుతుంది. సీసం రోజుల్లో తెలుగు కేసుకు ఎన్ని గళ్ళో, కాళ్ళు కదపకుండా చేతికందేవి ఏవో, నాలుగడుగులు వేస్తేగాని అందనివి ఏవో చేతులతో గాలిలో చూపించేవాడు. "ఙ వత్తు ఎవడు వాడతాడండీ, అది అటక మీద." ఫారం సగంలో వుండగా ఏదో ఒక వత్తు అయిపోయేది. అప్పుడు అదే మందంవున్న మరో టైపును తలకిందులుగా పెట్టి ప్రూఫు తీసేవారట. అక్షరం వుండవలసినచోట నల్లటి ముద్ర పడేది. ఇక్కడ ఒకటి కావాలి, మరిచిపోవద్దు అని దాని అర్థం. ఫాంటు లేని అక్షరానికి ఇప్పుడు తెరమీద ఖాళీ పెట్టె కనిపిస్తుంది చూశారా, అది చూపిస్తే ఆయనకు చాలా సంతోషం కలిగింది. "ఇదే! ఇదే అది!" అన్నాడు. కాసేపాగి, "మేం ఫౌండ్రీకి ఉత్తరం రాసేవాళ్ళం. పదిహేను రోజులకో, నెలకో పొట్లం వచ్చేది. మరి మీరు ఎవరికి రాస్తారు?" అని అడిగేడు.

టెక్కలి కుర్రాడు అడిగిందీ ఇదే ప్రశ్న అని నాకప్పుడు తట్టింది. ఎవలిది తప్పు, ఎవరికి రాయాలి.

రాయటానికి చోటు లేకపోలేదు. యూనికోడ్ సంఘంలో ఓటుండేది పెద్ద చందాలు కట్టేవాళ్ళకు. వాళ్ళలో అమెరికా కంపెనీలే ఎక్కువ. అయితే ఫలానా అక్షరం మా లిపిలో వుంది, ఇవిగో ఆధారాలు అని ఎవరైనా అర్జీ రాయవచ్చు. చలి, చుక్క అనేటప్పుడు మనం పలికే చకారం, జొన్న అనేటప్పుడు పలికే జకారం దంత్యాలని వ్యాకరణాలు చెపుతూనే వున్నాయి. వాటిని వేరుగా చూపే ౘ, ౙ అక్షరాలకు 2008లో చోటు దొరికింది. పాత పుస్తకాల్లోని నకారపు పొల్లుకు 2021 దాకా లేదు. అంటే అంతకుముందు వందేళ్ళనాటి పుస్తకం ఒకటి వున్నదున్నట్టుగా కంప్యూటరులో ఎక్కించాలంటే ఆ అక్షరం దగ్గర ఆగి, మరోదానితో సరిపెట్టుకోవలసిందే. ముప్ఫయ్యేళ్ళు ఎవరూ అడగలేదు గనక ఎవరూ ఇవ్వలేదు. ఇందులో అమెరికా వాళ్ళ కుట్ర కన్న మన విశ్వవిద్యాలయాల నిద్ర ఎక్కువని నా అనుమానం.

అక్షరానికి చోటు దొరకగానే పని అయిపోదు. 2018 ఫిబ్రవరిలో జరిగింది చాలామందికి జ్ఞాపకం వుండేవుంటుంది. ప్రపంచంలో చాలా ఖరీదైన ఐఫోన్లు ఒక తెలుగు అక్షరం వస్తే చచ్చిపోయేవి. ఆ అక్షరం "జ్ఞా". దీర్ఘానికి ముందు కంటికి కనిపించని గుర్తు ఒకటి చేరి, ఆ వరసను పేర్చబోయి ప్రోగ్రాము కూలిపోయేది. తెలుగులోనే కాదు, బెంగాలీలో, దేవనాగరిలో కూడా అలాంటి వరసలకు అదే గతి పట్టేది. పత్రికలు మాత్రం తెలుగు అక్షరం ఫోన్లను పేలుస్తోందన్నట్టు రాసేయి. మనవాళ్ళు కొందరు అది మన భాష ప్రతాపమని మురిసిపోయేరు కూడా. మురవవలసింది ఏముంది? తెలుగు రాసి చూసే మనిషి ఆ కంపెనీ బల్లల దగ్గర తగినంతమంది లేరని దాని అర్థం. కొన్ని రోజుల్లోనే దిద్దేరు. దిద్దటం అంత తేలికైన పనే అన్నమాట. తప్పు ఖరీదైన ఫోను కొన్నవాడికి తగిలింది గనక తేలికైంది. మా ముసలమ్మ వత్తుకు అలా ఎవరూ పరుగెత్తుకు రాలేదు.

ఆ కనిపించని గుర్తు మాత్రం పనికిమాలినది కాదు. "టౌన్‌లో" అని రాయాలంటే నకారానికీ లకారానికీ మధ్య అది కావాలి. లేకపోతే "టౌన్లో" అని లకారం వత్తై కిందికి జారుతుంది. మా షాపు అమ్మాయికి అది ఏ మీట నొక్కితే వస్తుందో ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు తెలుసు. మర్నాడే శుభలేఖలో వాడింది.

ప్రూఫులు దిద్దుతుండగా ఇంకో చిక్కు వచ్చింది. చెదలు పూర్తిగా తినేసిన పేజీలు కొన్ని ఒక మిత్రుడి ప్రతిలోంచి చూసి కుర్రాడు ఫోన్‌లో కొట్టేడు. ఆయన ప్రతిలో "ఎల్లినాను" అని వుంటే, ఫోను "వెళ్ళినాను" అని మార్చింది. "సెప్పినాడు" అంటే "చెప్పినాడు" అంది. మేము ఇరవయ్యేళ్ళ కిందట దిద్దమని పట్టుబట్టిన మాటల్ని అది వేలికొసన, అడగకుండానే దిద్దిపెట్టింది. గిడుగువారు గ్రాంథికవాదులతో జీవితమంతా పోట్లాడేరు. పాపం, గ్రాంథికవాదులు కనీసం వాదానికి వచ్చేవారు. ఇది వాదించదు, మార్చేస్తుంది. యంత్రానికీ ఒక గ్రాంథికం వుంది. రోజూ దినపత్రికల్లో, ఇంటర్నెట్‌లో కుప్పలుగా పడే తెలుగే దానికి ప్రమాణం. అందులో మా జిల్లాల కూలిజనం మాట ఎంత వుంటుంది? వున్నదికూడా చాలావరకు పాత ఫాంట్లలో ఇంగ్లీషు వేషం వేసుకుని వుంది. లేదా బొమ్మల్లో వుంది. కాళీపట్నం రామారావుగారు 1997లో శ్రీకాకుళంలో కథానిలయం పెట్టి పత్రికలన్నీ పోగుచేసి తెలుగు కథను కాపాడేరు. అక్కడి కథల పేజీలు బొమ్మలుగా ఇంటర్నెట్‌కు ఎక్కేయి. ఎక్కడో అమెరికాలో వున్నవాడు కూడా చదువుకోవచ్చు. కాని బొమ్మలో "ఎల్లినాను" ఎన్నిసార్లుందో వెతికితే బొమ్మ చెప్పదు. మనిషి చదవగలడు, యంత్రం చదవలేదు. రేపు భాషను గురించి లెక్కలు వేసేది యంత్రాలే అయినప్పుడు ఆ లెక్కలో మన కథల మాట చేరదు.

గిడుగువారి పేరు మళ్ళీ వచ్చింది గనక సవరల సంగతి చెప్పకుండా పోలేను. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన ఆ మనిషి పర్లాకిమిడిలో పాఠాలు చెపుతూ సవర భాష నేర్చుకుని, 1931లో దాని వ్యాకరణాన్ని, 1938లో నిఘంటువును వెలువరించేడు. సవరలో గొంతు బిగబట్టి వదిలే ధ్వని ఒకటుంది. అది వుంటే ఒక మాట, లేకపోతే మరొక మాట. తెలుగు లిపిలో దానికి అక్షరం లేదు. మన్యం బడుల్లో పిల్లలకు సవర వాచకాలు తెలుగు లిపిలోనే తయారయ్యేయి. ఆ ధ్వని దగ్గరకు వచ్చేసరికి రాసేవాళ్ళు ఏదో ఒక గుర్తు అరువు తెచ్చుకోవాలి. అరువు తెచ్చుకున్న గుర్తుకు ఫాంటులో నియమం వుండదు గనక అది వత్తుల మధ్య, గుడుల మధ్య ఎక్కడ నిలబడాలో తెలియక తడబడుతుంది. తెలుగుకు ఇంగ్లీషు ప్రోగ్రాములో ఎంత మర్యాద జరిగిందో, సవరకు తెలుగు ఫాంటులో అంత మర్యాద జరుగుతోంది. మనమీద జరిగినదాన్ని గురించి సభలు పెట్టే మనం, మనం చేస్తున్నదాన్ని గురించి ఒక్క సభయినా పెట్టలేదు.

సవరలకు సొంత లిపి లేకపోలేదు. మాంగేయి గొమాంగో 1936లో సోరాంగ్ సోంపెంగ్ అనే లిపి తయారుచేసేడు. అదే సంవత్సరం ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులోకి పోయింది. గిడుగువారు ఆ వూరు విడిచిపెట్టేరు. ఆ లిపికి 2012లో యూనికోడ్‌లో చోటు దొరికింది. సీతంపేట వైపు నుంచి వచ్చిన ఒక సవర ఉపాధ్యాయుడికి నా ఫోన్‌లో ఆ అక్షరాలు చూపించబోయేను. వరసగా ఖాళీ పెట్టెలు వచ్చేయి. ఆయన వాటిని చాలా సేపు చూసి, "ఇవేనా అండి?" అని అడిగేడు.

గిడుగు, గురజాడ అనే పేర్లతో తెలుగు ఫాంట్లు 2013లో వచ్చేయి. ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, విప్పి చూడవచ్చు, మార్చుకోవచ్చు. అక్షరాల్ని పేర్చే ప్రోగ్రాముల్లోనూ హార్ఫ్‌బజ్ అనేది అలాగే అందరిదీ. ఆండ్రాయిడ్ ఫోన్లలో, ఫైర్‌ఫాక్స్‌లో, లిబ్రె ఆఫీసులో తెలుగు వత్తుల్ని దించేది అదే. పాత ఫాంట్ల తాళాలతో ఇరవయ్యేళ్ళు పోగొట్టుకున్న నాకు వీటి విలువ ఎవరూ చెప్పనక్కరలేదు. అయితే ఆ ఫాంట్లు ప్రవాసాంధ్రుల సంస్థ పూనికతో వచ్చేయి, అమెరికాలోని ఒక మహా కంపెనీ గిడ్డంగిలోంచి మనకు అందుతున్నాయి. ఉచితంగా దొరకటం వేరు, ఉమ్మడి సొత్తు కావటం వేరు. మన చెరువు నీళ్ళు మనకు ఉచితమే. పూడిక తీసేవాడు లేకపోతే ఎన్నాళ్ళుంటాయి? ఆ పూడిక తీసే పని, అంటే ఏ వత్తు ఎక్కడ తప్పుతోందో చూసి, రాసి, దిద్ది పంపే పని, ఎవరైనా చెయ్యటానికి వీలుంది. మా వైపు కాలేజీల్లో తెలుగు చెప్పేవాళ్ళకు ప్రోగ్రాములంటే భయం. కంప్యూటర్లు చెప్పేవాళ్ళకు తెలుగంటే చిన్నచూపు. రెంటికీ మధ్య ఆ డిటిపి అమ్మాయి రాత్రి పదకొండింటికి ఒంటరిగా కూచుని వుంది.

టెక్కలి కుర్రాడు ఈ మధ్య ఒక పని మొదలుపెట్టేడు. మా పుస్తకాన్ని మార్చేటప్పుడు తప్పిపోయిన వత్తులన్నీ జాబితా రాసి, పాత ఫాంటులో ఏ గడిలో ఏ ముక్క వుందో కంపోజిటరుగారి సాయంతో పోల్చుకుని, మార్చే ప్రోగ్రామును దిద్దుతున్నాడు. ప్రోగ్రాము రాసినవారికి ఒక ఉత్తరం కూడా పంపేడు. ఇంకా జవాబు రాలేదు. నూట నలభై పేజీలు అయ్యేయి. ముసలమ్మ పేరు ముప్ఫైనాలుగు చోట్లా సరిపోయింది. మొదటి ప్రూఫు కాగితం తీసుకెళ్ళి చూపిస్తే, చదవటం రాదు గనక వేలు పెట్టించుకుని, కింద దిగిన రెండు వత్తుల్నీ తడిమి చూసుకుంది. మిగతా నూట అరవై పేజీల కోసం మొన్న ఆదివారం కంపోజిటరుగారి ఇంటికి వెళ్ళేం. మంచం మీంచి లేవలేకుండా వున్నాడు. కుర్రాడు పంపిన ఉత్తరం సంగతి చెప్పేను.

"బాగుంది" అన్నాడు. "టైపు ఎప్పుడొస్తుందన్నారు?"